అల్ హైల్ వంటింట్లో నెల్లూరు డాక్టరు గారి చీమ

మా ఇంటి కాలింగ్ బెల్ ఒక శుక్రవారం పొద్దున మోగడం మానేసింది. అల్ హైల్‌లో శుక్రవారం పొద్దున ఎలక్ట్రీషియన్ దొరకడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రానికి ఒక మలయాళీ కుర్రాడు వచ్చి గోడకున్న డబ్బా మూత విప్పాడు. అంతే! లోపలి నుంచి గుప్పెడు చీమలు బిలబిలమంటూ గోడ మీదికి పాకాయి. పసుపు రంగులో, కళ్ళు చికిలించి చూస్తే తప్ప ఆనని చీమలు. వైరు మీద ప్లాస్టిక్ తొడుగును అక్కడక్కడా కొరికేసి ఉన్నాయి. లోపలి రాగి తీగ కనబడుతోంది.

"చీమలు వైర్లు కూడా తింటాయా?" అన్నాను.

"తినవు మేడమ్, కొరుకుతాయి. ఏసీ బాక్సుల్లో రోజూ చూస్తూనే ఉంటాం" అన్నాడు హిందీలో, చాలా మామూలుగా.

నేను వంటింట్లోకి వెళ్ళి స్ప్రే డబ్బా పట్టుకొచ్చాను. మా అమ్మాయి (నాలుగో తరగతి) చేతులు అడ్డం పెట్టి నిలబడింది. "అమ్మా, ఆగు! ముందు ఏ చీమో చూడాలి కదా. మనం అనుకున్నాం కదా!"

నిజమే, అనుకున్నాం. ఎందుకు అనుకున్నామో చెప్పాలంటే రెండు నెలలు వెనక్కి వెళ్ళాలి.

ఏం కుట్టింది?

మా కింది పోర్షన్‌లో రాజమండ్రి వాళ్ళుంటారు. వాళ్ళ బాబుకి ఆరేళ్ళు. ఒక సాయంత్రం కాంపౌండ్‌లో ఖర్జూరం చెట్టు మొదట్లో మట్టితో ఆడుకుంటూ కెవ్వుమన్నాడు. చీమ కుట్టిందన్నాడు. మన భాషలో 'చీమ కుట్టినట్టయినా లేదు' అంటాం కదా, నేనూ అంతే తేలిగ్గా తీసుకున్నాను. పది నిమిషాల్లో వాడి పెదవులు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరి బరువెక్కింది. మా వారు కారు తీశారు. ఆసుపత్రికి ఎలా చేరామో నాకు సరిగా గుర్తు లేదు. వాడి తల్లి నా చెయ్యి పట్టుకున్న పట్టు మాత్రం గుర్తుంది.

ఎమర్జెన్సీలో డాక్టరు "ఏం కుట్టింది?" అని అడిగాడు. నేను నల్ల చీమ అన్నాను. వాళ్ళ నాన్న ఎర్ర చీమ అన్నాడు. మా వారు తేనెటీగేమో అన్నారు. బాబు తల్లి ఏమీ అనలేదు, ఏడుస్తోంది. నలుగురు పెద్దవాళ్ళం, చదువుకున్నవాళ్ళం, ఒక్కరం కూడా ఆ పురుగును సరిగా చూడలేదు. అప్పటికప్పుడు చేయాల్సిన వైద్యం ఏది కుట్టినా ఒకటేననుకోండి. ఇంజెక్షన్ ఇచ్చారు, బాబు తేరుకున్నాడు. కానీ ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "మళ్ళీ కుడితే ఇంతకంటే ఎక్కువ కావచ్చు. దేని నుంచి దూరంగా ఉంచాలో తెలుసుకోండి" అన్నాడు. అత్యవసరానికి వాడే ఇంజెక్షన్ పెన్ను ఒకటి రాసిచ్చాడు. దేని నుంచి దూరంగా ఉంచాలి? మాకు తెలిస్తే కదా! ఆ తల్లి ఆ రోజు నుంచి పిల్లవాడిని కాంపౌండ్‌లోకే దిగనివ్వడం మానేసింది. బాల్కనీ గ్రిల్ పట్టుకుని మిగతా పిల్లల ఆట చూస్తూ నిలబడేవాడు.

ఏడు చేపల కథ మనందరికీ తెలుసు. గడ్డిమోపు దగ్గర మొదలై చివరికి తప్పంతా చీమ దగ్గర తేలుతుంది. ఆ కథలో చీమను 'ఎందుకు కుట్టావు' అని అడుగుతారే కానీ, 'నువ్వు ఏ చీమవి' అని ఎవరూ అడగరు! మేమూ అంతే. ఆ రాత్రి మా అమ్మాయి అడిగింది, "అమ్మా, చీమల్లో ఎన్ని రకాలు?" అని. చలిచీమలు, గండుచీమలు, ఎర్రచీమలు అని మూడు వేళ్ళు ముడిచి ఆగిపోయాను. ప్రపంచంలో పేరు పెట్టిన చీమ జాతులు 14,000 దాకా ఉన్నాయని తర్వాత తెలిసింది.

గ్రాఫ్ పేపరు మీద చీమ

సరే, కాలింగ్ బెల్ చీమల దగ్గరికి వద్దాం. స్ప్రే పక్కన పెట్టాం. ఒక చిన్న గాజు సీసాలో చెంచాడు పంచదార పాకం అంటించి డబ్బా పక్కన పెడితే అరగంటలో ఇరవై చీమలు వచ్చి చేరాయి. మూతపెట్టి సీసాను ఫ్రీజర్‌లో పది నిమిషాలుంచాం. చలికి చీమలు కదలడం ఆపేస్తాయి. అప్పుడు తీసి మా అమ్మాయి లెక్కల గ్రాఫ్ పుస్తకం మీద పోశాం. ఒక్కో చిన్న గడి ఒక మిల్లీమీటరు కాబట్టి కొలవడానికి వేరే స్కేలు అక్కర్లేదు. ఈ ఉపాయం మా అమ్మాయిదే. నేను మెచ్చుకున్నాను కానీ, అది మరుసటి రోజు హోంవర్కు చేయాల్సిన పేజీ అని తర్వాత బయటపడింది.

ఫోన్‌కి తగిలించే చిన్న లెన్సు ఒకటి కొన్నాం. దాంట్లోంచి చూసి మొదటిసారి మా అమ్మాయి రాసిన వర్ణన ఇదీ: "చిన్న చీమ. ఎర్రగా ఉంది. కరుస్తుంది." నేను నవ్వి, "ఈ వర్ణన చదివి మీ తాతయ్య కావలిలో కూర్చుని ఇదే చీమను పట్టుకోగలడా?" అన్నాను. ఆలోచించింది. "పట్టుకోలేడు. తాతయ్య ఇంట్లో చిన్న ఎర్ర చీమలు నాలుగు రకాలుంటాయి" అంది. మళ్ళీ లెన్సు దగ్గరికి వెళ్ళింది.

జాతిని వర్ణించడమంటే ఇంతే. నేను ఇక్కడ చూసింది, నన్ను ఎప్పుడూ కలవని మనిషి, నేను పోయిన వందేళ్ళకైనా, ఇంకెక్కడో చూసి 'ఇదే అది' అనగలిగేలా రాయాలి. అందుకు ఎక్కడ చూడాలో తెలియాలి.

చీమను పక్క నుంచి చూస్తే తల, నడిమి భాగం, వెనక పొట్ట కనబడతాయి. నడిమి భాగానికీ పొట్టకూ మధ్య సన్నటి నడుము. ఆ నడుము మీదే అసలు కిటుకంతా ఉంది. కొన్ని చీమలకు అక్కడ ఒకే పూస లాంటి బొడిపె ఉంటుంది, కొన్నిటికి రెండు. చీమల శాస్త్రవేత్తలు మొదట చూసేవాటిలో ఇదొకటి. మా కాలింగ్ బెల్ చీమకు రెండు పూసలున్నాయి. తర్వాత మీసాలు చూస్తారు. ఎన్ని కణుపులు, చివర లావుపాటి గుబ్బ ఉందా, ఆ గుబ్బలో ఎన్ని కణుపులు అని లెక్కపెడతారు. వీపు మీద ముళ్ళున్నాయా? తల నున్నగా ఉందా, గీతలున్నాయా? ఒకే గుంపులో అన్నీ ఒకే సైజా, చిన్నా పెద్దా ఉన్నాయా?

రెండు గంటల తర్వాత, నా సాయంతో, రెండో వర్ణన తయారైంది. మక్కీకి మక్కీ దించుతున్నాను:

"పొడవు 2 నుంచి 3 గళ్ళు. ఒకే గుంపులో చిన్నవీ పెద్దవీ ఉన్నాయి. తల, నడిమి భాగం మాసిన పసుపు. పొట్ట ముదురు గోధుమ రంగు. ఒళ్ళు నున్నగా మెరుస్తుంది. తల వెనక వైపు అడ్డంగా సన్న గీతలు. నడుముకు రెండు పూసలు. వీపు మీద ముళ్ళు లేవు. మీసానికి 12 కణుపులు, చివరి 3 లావు. దొరికిన చోటు: కాలింగ్ బెల్ డబ్బా, అల్ హైల్. నెమ్మదిగా నడుస్తాయి, ఒకదాని వెనక ఒకటి."

కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ వాళ్ళు నడిపే యాంట్‌వెబ్‌లో ప్రతి చీమకూ మూడు ఫోటోలుంటాయి. ముఖం ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. అచ్చం పాస్‌పోర్టు ఫోటోల్లాగే! వాటితో మా చీమను పోల్చుకుంటూ పోతే ఒక పేరు దగ్గర ఆగాం: ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్. డిస్ట్రక్టర్ అంటే నాశనం చేసేది. బట్టలు, రబ్బరు, కరెంటు వైర్ల తొడుగులు కొరకడంలో దీనికి ప్రపంచమంతా పేరుంది. పడుకున్న మనుషులను కరిచిన దాఖలాలూ ఉన్నాయి. ఉష్ణ దేశాల రేవుల్లో, ఇళ్ళల్లో, అరేబియా ద్వీపకల్పమంతటా కనబడుతుంది. దీని పుట్టిల్లు మన భారతదేశమూ ఆ చుట్టుపక్కలే అయి ఉంటుందని ఎక్కువమంది అభిప్రాయం.

ఆ పేరు పక్కన బ్రాకెట్లలో ఇంకో పేరు, ఒక సంవత్సరం ఉన్నాయి: (జెర్డాన్, 1851).

ఆ పేరు చూసి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. జెర్డాన్ అంటే మా నెల్లూరు జెర్డానా?

సివిల్ సర్జన్ గారి వేరే పని

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ 1811లో ఇంగ్లండ్‌లో పుట్టి, ఎడిన్‌బరోలో చదువుకుని, ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా 1836లో మద్రాసులో దిగాడు. మొదట్లో గంజాం వైపు పని చేశాడు. 1840లలో నెల్లూరు సివిల్ సర్జన్ అయ్యాడు. రోగులను చూడటం ఉద్యోగం. పిట్టలూ, పాములూ, చీమలూ ఆయన అసలు ధ్యాస. నెల్లూరులో ఉన్నప్పుడు యానాదులతో స్నేహం కుదుర్చుకుని, అడవి జీవాల గురించి వాళ్ళకు తెలిసినదంతా అడిగి తెలుసుకున్నాడు. ఆయన తర్వాత రాసిన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'లో పక్షుల పేర్ల పక్కన తెలుగు పేర్లు కూడా కనబడతాయి. కడప జిల్లాలో మనవాళ్ళు కలివికోడి అనే పక్షికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు, జెర్డాన్స్ కోర్సర్ అని. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో లంకమల అడవుల దగ్గర మళ్ళీ కనబడింది. అక్కడి ఒక పిట్టల వేటగాడి సాయంతోనే అది దొరికింది.

మా నాన్నగారు కావలిలో స్కూలు మాస్టారు. కలివికోడి దొరికిన రోజుల్లో పేపరు కటింగు చూపించి జెర్డాన్ గురించి క్లాసులో చెప్పారట. నాకూ ఇంట్లో చెప్పారు. కానీ పిట్టల జెర్డానే చీమల జెర్డాన్ కూడా అని నాకు తెలియదు. 1851లో 'మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్'లో ఆయన దక్షిణ భారతదేశపు చీమల జాబితా ఒకటి అచ్చు వేయించాడు. కార్ల్ లిన్నేయస్ అన్ని జంతువులకూ రెండేసి మాటల పేర్లు పెట్టే పద్ధతిని 1758లో స్థిరపరిచాడు. ఆయన శిష్యుడు ఫాబ్రిసియస్ మన మామిడి చెట్ల మీద ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్ర చీమకు 1775లోనే పేరు పెట్టాడు. కానీ అలాంటివాళ్ళు యూరప్‌లో కూర్చుని, ఓడల్లో వచ్చిన ఎండిన చీమలను చూసి రాసినవాళ్ళు. జెర్డాన్ మన ఊళ్ళల్లో, బతికున్న చీమను, దాని నడకను, దాని ఇంటిని చూసి రాశాడు. నాకు ఆయన మీద గౌరవం అక్కడే.

ఆ జాబితాలో ఒక చీమకు డిస్ట్రక్టర్ అని పేరు పెట్టాడాయన. పిట్టల చర్మాలూ, ఎండబెట్టిన పురుగులూ పెట్టెల్లో దాచుకునే మనిషికి ఇంట్లో ఇలాంటి చీమ ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ పేరులో కాస్త కోపం కూడా ఉందేమో అని నా అనుమానం.

అదే జాబితాలో ఇంకో చీమ ఉంది. పిల్లలకు అది తప్పక నచ్చుతుంది. పెద్ద కళ్ళు, కత్తెర లాంటి పొడవాటి దవడలు, వేటకు ఎగిరి దూకుతుంది. దాని పేరు హార్పెగ్నాథోస్ సాల్టేటర్. సాల్టేటర్ అంటే లాటిన్‌లో గంతులు వేసేవాడు. 2010లో దీని జన్యుపటం మొత్తం చదివారు. రాణి చనిపోతే మామూలు పనిచీమలే మీసాలతో పోటీపడి, గెలిచినవి గుడ్లు పెట్టే రాణుల్లా మారిపోతాయి. అలా మారినప్పుడు వాటి మెదడు కుంచించుకుపోతుందని, తిరిగి పనిచీమగా మారితే మెదడు మళ్ళీ పెరుగుతుందని 2021లో తేల్చారు. (మా వారి వ్యాఖ్య: ప్రమోషన్ వస్తే మెదడు చిన్నదవడం చీమల్లోనూ ఉందన్నమాట!)

ఇంటిపేరు మారింది, పేరు మారలేదు

జెర్డాన్ పెట్టిన పూర్తి పేరు ఆటా డిస్ట్రక్టర్. మేం చూసింది ట్రైకోమిర్మెక్స్ డిస్ట్రక్టర్. ఇదేమిటని మా అమ్మాయి నిలదీసింది.

ఈ పద్ధతి అర్థం చేసుకోవడం మన తెలుగువాళ్ళకు చాలా సులువు. శాస్త్రీయ నామంలో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు. అచ్చం మనలాగే! ఇక్కడ మా వారి ఆఫీసులో అందరూ ఆయన్ను ఇంటిపేరుతో పిలుస్తారు, అదే పేరనుకుని. విమానం టికెట్టు మీద ఒకలా, రెసిడెంట్ కార్డు మీద ఇంకోలా పడుతుంది. కానీ చీమకు ఆ బాధ లేదు. ప్రపంచమంతా ఇంటిపేరే ముందు రాస్తారు. ట్రైకోమిర్మెక్స్ ఇంటిపేరు, అంటే ప్రజాతి. డిస్ట్రక్టర్ సొంత పేరు, అంటే జాతి.

పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది, పేరు మారదు. చీమ కథా అంతే. జెర్డాన్ కాలంలో ఆటా అనేది పెద్ద ఉమ్మడి కుటుంబం, ఏవేవో చీమలను అందులో వేసేవారు. ఇప్పుడు ఆ పేరు అమెరికా ఖండాల్లో ఆకులు కత్తిరించుకుపోయే చీమలకే మిగిలింది. మన చీమ 19వ శతాబ్దం చివరికల్లా మోనోమోరియం ఇంటికి వెళ్ళింది. వందేళ్ళకు పైగా అక్కడే ఉంది. పాత పుస్తకాలన్నిటిలో మోనోమోరియం డిస్ట్రక్టర్ అనే ఉంటుంది. చూపులకు ఆ ఇంటి పిల్లలాగే ఉంటుంది మరి. 2015లో ఫిలిప్ వార్డ్, ఆయన సహచరులు డి.ఎన్.ఎ. చదివి చూస్తే, దీని రక్తసంబంధం వేరే వాళ్ళతో అని తేలింది. అప్పుడు ట్రైకోమిర్మెక్స్ ఇంటికి మార్చారు. 1851 నుంచి ఇప్పటిదాకా మారనిది డిస్ట్రక్టర్ అన్న మాట ఒక్కటే.

జెర్డాన్ పేరు చుట్టూ ఉన్న బ్రాకెట్లు ఊరికే పెట్టినవి కావు. 'ఈయన పేరు పెట్టినప్పుడు ఇది వేరే ఇంట్లో ఉండేది' అని వాటి అర్థం. ఇల్లు మారని చీమ అయితే బ్రాకెట్లుండవు. ఇది తెలిశాక మా అమ్మాయి వారం రోజులు నా పేరు బ్రాకెట్లలో రాసింది!

పేరు తప్పయినా మారదు, అది ఇంకో వింత. ఇళ్ళల్లో తిరిగే ఇంకో చిన్న పసుపు చీమకు లిన్నేయస్ 1758లో 'ఫరోనిస్' అని పేరు పెట్టాడు. ఈజిప్టు నుంచి వచ్చింది కాబట్టి ఫరో రాజుల చీమ అన్నమాట. అది కూడా బహుశా ఆసియా ఉష్ణ ప్రాంతాల నుంచే లోకమంతా పాకిందని ఇప్పుడు అంటున్నారు. అయినా ఫరో పేరు ఫరోకే ఉండిపోయింది. మా చీమను దానితో పొరబడకుండా ఉండటానికి మేం చాలా తంటాలు పడ్డాం. ఫరో చీమ అన్నీ ఒకే సైజు, రెండు మిల్లీమీటర్లు, ఒంటి మీద సన్నటి గుంటలతో మసకగా ఉంటుంది. మాది నున్నగా మెరుస్తుంది, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి.

ఇక అసలు చిక్కు. జెర్డాన్ చూసి రాసిన ఆ చీమలు ఇప్పుడు ఏ మ్యూజియంలోనూ ఉన్నట్టు తెలియదు. ఈ రోజుల్లో కొత్త జాతికి పేరు పెడితే ఒక చీమను 'ఇదే మూలం' అని సూదికి గుచ్చి మ్యూజియంలో భద్రపరచాలి. ఎప్పుడు సందేహమొచ్చినా దాని దగ్గరికి వెళ్ళి పోల్చుకోవచ్చు. జెర్డాన్ చీమలకు అలా లేదు. మిగిలింది ఆయన రాసిన నాలుగు వాక్యాలే. తర్వాత వచ్చినవాళ్ళలో కొందరు ఇదే చీమను కొత్తదనుకుని వేరే దేశాల్లో వేరే పేర్లు పెట్టారు. 1903లో బింగ్‌హామ్, 1987లో బారీ బోల్టన్ వంటి వాళ్ళు కూర్చుని, ఏది ఏదో విడదీస్తూ వచ్చారు. మా అమ్మాయి మొదటి వర్ణనను చూసి నేను నవ్వాను కానీ, అలాంటి పొట్టి వర్ణనలతో పెద్దవాళ్ళు కూడా వందేళ్ళు కుస్తీ పట్టారు.

ఇదంతా పాత కథ అనుకోకండి. ఒమన్ చీమల జాబితాను మొస్తఫా షరాఫ్, ఆయన సహచరులు సవరించి 2018లో 'ఏషియన్ మిర్మెకాలజీ' పత్రికలో ప్రచురించారు. అందులో లోకానికి అంతవరకు తెలియని రెండు కొత్త జాతులున్నాయి. మన వారాంతపు పిక్నిక్కుల్లో వాదీల దగ్గర చాపలు పరిచే చోట, మన చాపల కింద ఏముందో ఎవరు చూశారు?

ఒక పూసా, రెండు పూసలా

మళ్ళీ మా కాంపౌండ్‌కు రండి. పసుపు చీమ సంగతి తేలింది. అది నోటితో కొరుకుతుంది, చిరాకు పెడుతుంది, బెల్లు పాడు చేస్తుంది. కానీ కింది బాబును కుట్టింది అది కాదని నాకు అనిపించింది. మన తెలుగులో కొరికినా కుట్టడమే, కొండి పెట్టి పొడిచినా కుట్టడమే. చీమ విషయంలో ఆ రెండూ వేరు.

ఒకరోజు పొద్దున, మా వారు బూట్లు, గ్లోవ్స్ వేసుకుని, ఖర్జూరం చెట్టు మొదట్లో నీటి పైపు కారే చోట తడి మట్టిని కర్రతో కదిపారు. సన్నగా, పొడుగ్గా, నలుపు కలిసిన గోధుమ రంగు చీమలు. వాటిలో ఒకదాన్ని పొడవాటి పట్టకారుతో పట్టి సీసాలో వేశారు. ఫ్రీజరు, గ్రాఫ్ పేపరు, లెన్సు. పొడవు ఆరు గళ్ళు. నడుముకు ఒకే ఒక పూస. పొట్ట చివర కొండి.

ఫోటోలతో పోల్చితే బ్రాకిపోనెరా సెన్నారెన్సిస్‌కు దగ్గరగా ఉంది. ఇక్కడి వాళ్ళు సంసూమ్ అంటారు. సూడాన్‌లోని సెన్నార్ పేరు మీద గుస్తావ్ మేయర్ 1862లో పెట్టిన పేరది. ఇది ఆఫ్రికా చీమ. అరేబియా అంతటా ఇళ్ళ చుట్టుపక్కల తడి నేలల్లో స్థిరపడింది. చాలామందికి దీని కాటు మంట పుట్టించి తగ్గిపోతుంది. కానీ కొద్దిమందికి ప్రాణం మీదికి వచ్చేంత అలర్జీ వస్తుంది. సౌదీ, ఎమిరేట్స్ డాక్టర్లు వైద్య పత్రికల్లో దీని గురించి రాశారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెండు పూసలున్న చీమలన్నీ సాధువులని అనుకోకండి. నిప్పు చీమలకు కూడా రెండు పూసలే, అవీ కొండితో పొడుస్తాయి. పూసలు లెక్కపెట్టడం మొదటి మెట్టు మాత్రమే. పిల్లలు బతికున్న చీమను చేత్తో పట్టుకోవద్దు, సీసా పని పెద్దవాళ్ళు చేయాలి. ఏది కుట్టినా పెదవులు, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా చీమ కోసం వెతకవద్దు, ముందు ఆసుపత్రికి పరిగెత్తండి.

రెండు చీమలు వేరని తెలిశాక చేసే పనులు కూడా వేరయ్యాయి. కింద కారే పైపు బాగు చేయించి, చెట్టు మొదళ్ళు ఆరనిచ్చాం. మునిసిపాలిటీ అనుమతి ఉన్న పెస్ట్ కంట్రోల్ వాళ్ళకు సీసా చూపించి ఆ పుట్టలకు మందు పెట్టించాం. పైన కాలింగ్ బెల్ దగ్గర మాత్రం స్ప్రే కొట్టలేదు. ఈ చిన్న పసుపు చీమల గుంపులో రాణి ఒకతే కాదు, చాలామంది ఉంటారు. స్ప్రే కొడితే బయట తిరిగే నాలుగు చీమలు చస్తాయి, లోపలి రాణులకు ఏమీ కాదు. ఫరో చీమలయితే బెదిరిన గుంపు ముక్కలై గోడల్లో నాలుగు చోట్ల కొత్త కాపురాలు పెడుతుంది. నెమ్మదిగా పనిచేసే ఎర మందు పెడితే, అవే మోసుకెళ్ళి రాణులకు తినిపిస్తాయి. పిల్లలకు అందని చోట పెట్టాం. మూడు వారాలు పట్టింది. ఇండియా నుంచి తెచ్చుకున్న చీమల సుద్దముక్కతో నేను గీసిన గీతలన్నీ వృథా అయ్యాయని ఒప్పుకోక తప్పలేదు. వైరు మార్చి, ఈసారి గట్టి గొట్టంలోంచి లాగించాం. బెల్ మోగుతోంది.

మా అమ్మాయి రెండు చీమలనూ ఫార్మసీ స్పిరిట్ పోసిన చిన్న సీసాల్లో ఉంచి చీటీలు అంటించింది. చోటు, తేదీ, ఎవరు పట్టారు, ఎక్కడ ఉండింది. మ్యూజియంలో చీమలకు పెట్టే చీటీలోనూ ఉండేవి ఇవే. పేరు రాసే దగ్గర మాత్రం, శాస్త్రవేత్తలు ఖాయంగా చెప్పలేనప్పుడు రాసే 'సి.ఎఫ్.' అనే రెండక్షరాలు పెట్టించాను. 'పోల్చి చూడండి' అని దాని అర్థం. ఫోటోలతో పోల్చి చెప్పిన పేరును చీమలు తెలిసినవాళ్ళు ఎవరైనా ఒకసారి చూడాలి కదా. అల్ ఖూద్‌లో యూనివర్సిటీ మనకు ఎంతో దూరం కాదు.

పోయిన గురువారం సాయంత్రం కింది వాళ్ళను టీకి పిలిచాం. బాబు తల్లి మొదట సీసా ముట్టుకోలేదు. "అక్కా, ఇదేనా?" అని దూరం నుంచి చూసింది. "ఇదే అనుకుంటున్నాం అమ్మా. చచ్చిపోయింది, భయపడకు" అన్నాను. వాడు మాత్రం కుర్చీ ఎక్కి లెన్సు లాక్కున్నాడు. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"అక్కా, దీనికి ఒకటే పూస" అన్నాడు మా అమ్మాయితో. తర్వాత పసుపు చీమ సీసా తీసుకుని చూశాడు. "దీనికి రెండు!"

వాళ్ళమ్మ లేచి వచ్చి వాడి పక్కన వంగి, "ఏదీ, నన్నూ చూడనీ" అంది.